పిట్టలను చూడబోయే మిత్రులకు చిన్న జూమ్ కెమెరా

మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో కుదురుకున్న మిత్రులు కొందరు సెలవు దొరికితే కొల్లేరుకో, నేలపట్టుకో, ఉప్పలపాడుకో పిట్టలను చూడడానికి వెళ్తున్నారు. వెళ్ళివచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ కెమెరా కొనాలని. ఇంటికి పంపాల్సింది పంపాక మిగిలిన జీతంతో కొనే వస్తువిది. దుకాణదారు మాట మీద కొంటే మళ్ళీ మార్చుకోలేం. అందుకే మాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

ఆప్టికల్ జూమ్ అంటే లోపలి కటకాలు కదిలి దూరపు వస్తువును నిజంగా పెద్దదిగా చూపడం. డిజిటల్ జూమ్ అంటే బొమ్మ మధ్య ముక్కను కత్తిరించి సాగదీయడం. ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్లో మనమే చేసుకోవచ్చు, దానికి డబ్బెందుకు? '30 ఎక్స్' అన్న అంకె కూడా పూర్తి సంగతి చెప్పదు. అది కటకం పెద్ద, చిన్న ఫోకల్ లెంగ్త్‌ల నిష్పత్తి మాత్రమే. మనం అడగాల్సింది 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే మిల్లీమీటర్లు ఎన్ని అని.

దీనికి హైస్కూలు లెక్క చాలు. పిట్ట ఉన్న దూరాన్ని 36తో హెచ్చించి, ఆ మిల్లీమీటర్లతో భాగిస్తే ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది. 50 మీటర్ల అవతల కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుందనుకుందాం. దాని పొడవు సుమారు 30 సెం.మీ. 200 మి.మీ. వద్ద ఫోటోలో 9 మీటర్ల వెడల్పు పడుతుంది, పిట్ట అందులో ముప్పయ్యో వంతు. అంటే ఒక చుక్క! 720 వద్ద 2.5 మీటర్లు పడుతుంది, పిట్ట ఎనిమిదో వంతు. రొమ్ము మీది చారలు కనబడతాయి. 2000 వద్ద 90 సెం.మీ., పిట్ట మూడో వంతు.

అలాగని 2000కే పరుగెత్తనక్కరలేదు. అంత జూమ్ ఉన్న నికాన్ పీ950 బరువు కిలో. 2018లో వచ్చిన పీ1000 3000 మి.మీ. దాకా వెళ్తుంది గానీ 1.4 కిలోలు. బస్సులో నిలబడి వెళ్ళేవాళ్ళకు అది సంచి కాదు, మూట. పైగా అంత జూమ్‌లో చేయి కాస్త వణికినా పిట్ట చట్రంలోంచి జారిపోతుంది. మధ్యాహ్నం చెరువు మీద లేచే వేడిగాలికి బొమ్మ అలలు అలలుగా వస్తుంది, దాన్ని ఏ కెమెరా సరిచేయలేదు.

జేబులో పట్టేవాటిలో సోనీ హెచ్ఎక్స్99 720 మి.మీ., 242 గ్రాములు. కానన్ ఎస్ఎక్స్740 960 మి.మీ., 299 గ్రాములు. రెండూ 2018వే. మా ఓటు సోనీకే, ఎందుకంటే దానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది. ఎండలో వెనక తెర నల్లగా కనిపిస్తుంది, పిట్టను వెతికేలోపు అది ఎగిరిపోతుంది. కెమెరాను నుదుటికి ఆనించి పట్టుకుంటే వణుకూ తగ్గుతుంది.

ఈ చిన్న కెమెరాల లోపం వెలుతురు దగ్గర బయటపడుతుంది. వాటి సెన్సర్ వెడల్పు 6 మి.మీ. పైచిలుకు మాత్రమే, పూర్తి జూమ్‌లో ద్వారం కూడా చిన్నదవుతుంది. తెల్లవారుజామున తీసిన ఫోటో ఇసుక చల్లినట్టు వస్తుంది. 'ఒక అంగుళం' అనే సెన్సర్ (పేరుకే అంగుళం, నిజానికి 13.2 మి.మీ. వెడల్పు) వైశాల్యం దానికి నాలుగింతలు. 600 మి.మీ. ఉన్న సోనీ ఆర్ఎక్స్10 నాలుగో రకంలో అదే ఉంది. కానీ దాని ధర, బరువు రెండూ ఎక్కువే. సూర్యుడు కాస్త పైకి వచ్చేదాకా ఆగగలిగినవారికి చిన్నదే చాలు.

పాతది కొనేవారు జూమ్‌ను పూర్తిగా చాచి, మూసి చప్పుడు వినండి. పూర్తి జూమ్‌లో ఆకాశాన్ని ఫోటో తీయండి. నల్లని మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే, ఇంట్లో తుడిచేది కాదు. ఆ మోడల్‌కు బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో కూడా అడగండి.

కూర్చున్న పిట్టకు షట్టర్ వేగం 1/500, ఎగిరేదానికి 1/1000 లేదా అంతకన్నా ఎక్కువ పెట్టండి. నేలపట్టులో గూడబాతులు గూళ్ళ మీద ఉన్నప్పుడు దారి దిగవద్దు, ఫ్లాష్ వేయవద్దు. తల్లి లేస్తే పిల్లలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి. మనం జూమ్ కొన్నది దగ్గరికి వెళ్ళకుండా చూడడానికే కదా.