నెత్తురులో ఆమ్ల క్షార సమతౌల్యం

నీలి లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎర్రబడటం మన ప్రయోగశాలలో విద్యార్థులందరూ చూచినదే. క్షారానికి ఇంగ్లీషులో వాడే ‘ఆల్కలీ’ శబ్దం అరబ్బీ ‘అల్-ఖలీ’ నుండి వచ్చిందనీ, ఉప్పునేలల మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద దాని మూలార్థమనీ ఉర్దూ విభాగపు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఈ ఆమ్ల క్షారాల పోరు గాజుపాత్రలలోనే కాక మన నెత్తురులోనూ అహర్నిశలూ సాగుతున్నది.

దీనిని కొలిచే మానం పి.హెచ్. 1909లో కోపెన్‌హాగన్ నగరంలో సోరెన్‌సెన్ దీనిని ఏర్పరచాడు. సంఖ్య తగ్గినకొద్దీ ఆమ్లత హెచ్చు. ఆరోగ్యవంతుని ధమని రక్తంలో ఇది 7.35, 7.45ల మధ్య నిలుస్తుంది. అది 7.4 నుండి 7.1కి దిగితే తగ్గినది 0.3 మాత్రమే గదా అనిపిస్తుంది. కాని ఉదజని అయానుల గాఢత అప్పటికే రెట్టింపయి ఉంటుంది.

శరీరంలో పుట్టే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. దానిని ఊపిరితిత్తులు నిమిషాలలో వెలుపలికి పంపగలవు. మూత్రపిండాలు బైకార్బనేటును నిలిపి క్షారబలాన్ని కాపాడతాయి. వాటి పని నెమ్మది, రోజులు పడుతుంది. పి.హెచ్. ఈ రెండింటి నిష్పత్తిని బట్టి ఉంటుంది. బైకార్బనేటు 20 పాళ్ళు, కరిగిన వాయువు 1 పాలు ఉండటం సహజస్థితి. ఈ వాక్యం కింద విద్యార్థులు గీత గీసుకోవాలి. దీనిని మరచినచోట ప్రాణాలు పోయాయి.

1952లో అదే కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో శ్వాసకండరాలు చచ్చుబడి, యంత్రాల సాయంతో చికిత్స పొందిన తొలి 31 మందిలో 27 మంది మరణించారు. వారి నెత్తురులో బైకార్బనేటు రూపంలోనూ, కరిగీ ఉన్న బొగ్గుపులుసు వాయువు మొత్తం మిక్కిలి హెచ్చుగా కనబడింది. క్షారం పెరిగిందని వైద్యులు భావించారు. ప్రాణవాయువు ఇస్తున్నందున రోగుల మేనిఛాయ ఎర్రగానే ఉండి, ఊపిరి చాలటం లేదన్న అనుమానం కలగనీయలేదు.

మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఇందుకు ఒప్పుకోలేదు. బయటికి పోలేని వాయువులో కొంత బైకార్బనేటుగా మారుతుంది కనుక, క్షారం పెరిగినా ఊపిరి ఆడకున్నా ఆ మొత్తం పెరుగుతుందని అతని వాదం. లెక్క వేసి చూడండి. వాయుపీడనం 40 మిల్లీమీటర్ల నుండి 80కి, బైకార్బనేటు లీటరుకు 24 మిల్లీమోలుల నుండి 30కి పెరిగాయనుకుందాం. రెండూ పెరిగినవే, కాని నిష్పత్తి 20 నుండి 12.5కు, పి.హెచ్. 7.2కు పడిపోతాయి. బైకార్బనేటు ఒక్కదాన్నే చూచినవాడు క్షారమంటాడు. నెత్తురు మాత్రం ఆమ్లంతో నిండుతున్నది.

ఆగస్టు 27న పన్నెండేళ్ళ బాలికకు శ్వాసనాళంలో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఇబ్సెన్ ఊపిరి ఇచ్చాడు. వాయువు తగ్గింది, బాలిక బ్రతికింది. ప్రయోగశాలాధిపతి ఆస్ట్రుప్ రోగుల నెత్తురులో పి.హెచ్. కొలువగా ఆమ్లతే తేలింది. ఆపైన సుమారు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు నెలల తరబడి, వంతులవారీగా, రాత్రింబవళ్ళు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కారు. మరణాల శాతం సగానికి దిగింది. వారిలో పలువురిది మీ వయస్సేనని వేరుగా చెప్పాలా?

నేడు అత్యవసర చికిత్సాశాలలలో ధమని నుండి తీసిన కొద్దిపాటి నెత్తురుతో యంత్రం ఈ మూడు విలువలనూ నిమిషాలలో తెలుపుతుంది. ముందు పి.హెచ్. చూచి, పిమ్మటనే తక్కినవి చూడాలి. మధుమేహం ముదిరి కీటో ఆమ్లాలు పెరిగినవానిలో కథ తారుమారు. అక్కడ బైకార్బనేటు హరించుకుపోతుంది. రోగి లోతుగా, వేగంగా శ్వాసిస్తాడు. చూచేవారికి అది ఆయాసం. నిజానికి వాయువును వెళ్ళగొట్టి నిష్పత్తిని నిలుపుకొనే ప్రయత్నం. అట్టివానికి కృత్రిమశ్వాస పెట్టవలసివచ్చి, యంత్రాన్ని సాధారణవేగంలో నడిపితే, ఆ ప్రయత్నం ఆగి, ఆమ్లత క్షణాలలో హెచ్చుతుంది. కనుక గొట్టం వేయకముందు అతడు ఎంత వేగంగా, ఎంత లోతుగా ఊపిరి తీశాడో గమనించి, వైద్యుడు యంత్రాన్ని అందుకు దీటుగా నడపాలి.