సగటులో తగ్గిన 0.05 పాయింటు

ప్రశ్న: మా అబ్బాయికి మొదటి సెమిస్టరులో 8, రెండవదానిలో 7 పాయింట్లు వచ్చినవి. సగటు 7.5 కావలసియుండగా 7.45 వేసిరేమి?

జవాబు: లెక్క సరియైనదే. యూజీసీ సూచించిన పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’ గ్రేడునకు 10, కేవలము ఉత్తీర్ణతను దెలుపు ‘పి’ గ్రేడునకు 4, తప్పినచో సున్న. అయితే ఈ పాయింట్లను ఊరక కూడి భాగింపక, ప్రతి సబ్జెక్టు పాయింటును దాని క్రెడిట్లతో గుణించి, ఆ లబ్ధముల మొత్తమును క్రెడిట్ల మొత్తముచే భాగింతురు. సెమిస్టరుల సగటునకును ఇదే పద్ధతి. మీరు పంపిన పట్టికలో మొదటి సెమిస్టరునకు 18 క్రెడిట్లు, రెండవదానికి 22. కావున 144, 154 కలిసి 298, దానిని 40చే భాగింప వచ్చునది 7.45. బరువైన సెమిస్టరులోనే కుఱ్ఱవాడు వెనుకబడినాడు, అంతియే రహస్యము! పోతే, దీనిని శాతముగా మార్చు సూత్రము విశ్వవిద్యాలయమునకొక తీరుగా నుండును గనుక, పదితో హెచ్చవేసి దరఖాస్తులో వ్రాయుటకు ముందు మీ కళాశాల నిబంధనలను చూడుడు.