పికప్ బండిలో కరెంటు లోపములు - ఫ్యూజు కాలినప్పుడు చేయవలసిన పని



కూరగాయలు మార్కెట్టుకు, ఎరువుల బస్తాలు పొలమునకు, కోతల తరువాత వరిగడ్డి ఇంటికి చేర్చుటకు ఇప్పుడు చాల గ్రామములలో పికప్ బండ్లు ఉన్నవి. టన్నుకు పైగా బరువు మోయు ఈ బండ్ల టైర్లను, ఇంజను ఆయిలును మన రైతులు శ్రద్ధగానే చూచుకొందురు. వైరింగు సంగతి మాత్రము దీపము ఆరిపోయిననాడు తప్ప గుర్తుకు రాదు.

గత రబీ కోతల కాలమున మా మండలములోని ఒక గ్రామమున గడ్డి లోడుతో వచ్చుచున్న పికప్‌కు వెనుక భాగమున నిప్పు అంటుకొన్నది. నడుపుచున్న రైతు, ఆయన కుమారుడు సకాలములో దిగి తప్పుకొన్నారు. గడ్డి, వెనుక తొట్టి, రెండు టైర్లు కాలిపోయినవి. మరునాడు నేను పోయి చూచితిని. వెనుక దీపమునకు పోవు వైరు తాడు కట్టు కొక్కెము క్రింద నలిగి, పై తొడుగు చిట్లి, లోపలి రాగి ఇనుమునకు తగిలినది. అట్టి సమయములో ఫ్యూజు కాలి కరెంటు ఆగిపోవలెను. విచారించగా, అంతకు ముందు నెలలో ఆ ఫ్యూజు రెండు పర్యాయములు కాలినదనియు, మూడవసారి దాని స్థానములో రాగితీగె చుట్టినారనియు తెలిసినది.

ఇందులోని కీలకము గ్రహించవలెను. పికప్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉండును. దాని నెగటివు కొన బండి ఛాసిస్‌కు కలిపి ఉండును. అనగా బండి ఇనుమంతయు ఒక వైరు వంటిదే. పాజిటివు వైరు ఎచ్చట ఒరిసికొని ఇనుమునకు తగిలినను కరెంటు దీపము గుండా పోక దగ్గర దారిన బ్యాటరీకి తిరిగి వచ్చును. డీజిలు ఇంజను స్టార్టరును త్రిప్పుటకు వందల ఆంపియర్లు ఇయ్యగల బ్యాటరీ అది. ఆ ప్రవాహమునకు సన్నని దీపపు వైరు క్షణములలో ఎర్రగా కాలును. ఫ్యూజు దానికన్న ముందుగా తాను కాలిపోవుటకే అమర్చబడినది. కాలిన ఫ్యూజు చెడిపోయిన వస్తువు కాదు, తన పని చేసిన వస్తువు. మరల అదే అంకె గల ఫ్యూజు వేయుడు. అదియు కాలిన ఎడల వైరు ఎచ్చట ఒరిసినదో వెదకవలెనే గాని పెద్ద ఫ్యూజు వేయరాదు. సాధారణముగా 10 ఆంపియర్ల ఫ్యూజు ఎరుపు, 15 నీలము, 20 పసుపు, 30 ఆకుపచ్చ రంగులో ఉండును. ఒక్కొక్కటి జేబులో ఉంచుకొన్న రాగితీగెతో పని ఉండదు.

రాత్రి ప్రయాణమునకని ముందు రెండు పెద్ద లైట్లు పెట్టించు వారు ఈ లెక్క చూడుడు. 100 వాట్ల బల్బులు రెండైన 200 వాట్లు. 12తో భాగింపగా సుమారు 17 ఆంపియర్లు. ఈ భారమును పాత లైట్ల వైరుకు అతికించిన వైరు వేడెక్కును. వీటికి వేరుగా దళసరి వైరు, రిలే, బ్యాటరీ దగ్గరనే ప్రత్యేక ఫ్యూజు ఉండవలెను. వైరు కోసి, మెలివేసి, టేపు చుట్టి పంపు మెకానిక్కునకు కూలి ఇచ్చుట దండుగ.

బ్రేకు నొక్కగా ఇండికేటరు దీపము మసకగా వెలుగుట, హెడ్‌లైటు ఒకటి మందగించుట చూచి చాలమంది బల్బులు మార్చుచుందురు. లోపము తరచుగా ఎర్తులో ఉండును. ఎర్తు బోల్టు విప్పి, తుప్పును గరుకు కాగితముతో గీకి, బిగించి, పైన గ్రీజు పూయవలెను. మన బండ్లకు ఈ తుప్పు త్వరగా పట్టుటకు ఎరువులు కూడ ఒక కారణము. యూరియా, పొటాషు తేమను పీల్చి ఇనుమును, రాగిని తినివేయును. ఎరువు దింపిన రోజుననే తొట్టిని కడిగి ఆరబెట్టుడు.

ధాన్యపు రాశుల దగ్గర నిలిపిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకును. ఉదయమున బానెట్టు ఎత్తి చూచిన తరువాతనే తాళము త్రిప్పుడు.

బ్యాటరీ విప్పునప్పుడు మొదట నెగటివు, బిగించునప్పుడు చివర నెగటివు. లేనిచో పాజిటివు విప్పుచున్న స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేచును. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది రవ్వకు పేలును. దగ్గర బీడీ వెలిగింపరాదు. 24 వోల్టుల లారీ బ్యాటరీ నుండి పికప్‌కు కరెంటు కలుపరాదు.

నడుపుచుండగా రబ్బరు కాలిన వాసన వచ్చిన ఎడల గడ్డివాములకు, ఇండ్లకు దూరముగా ఆపి, తాళము తీసి, అందరును దిగవలెను. బానెట్టు క్రింద పొగ ఉన్నప్పుడు దానిని పూర్తిగా తెరచిన గాలి సోకి మంట పెరుగును. పొడి మందు గల అగ్నిమాపక సిలిండరును డ్రైవరు సీటు ప్రక్కన, బస్తాల క్రింద పడని చోట బిగించుకొనుడు. మంట గడ్డికి అంటుకొన్నదా, సిలిండరు చాలదు. దూరముగా పోయి 101కు ఫోను చేయుడు.