ప్రభుత్వపు అప్పునకు కట్టుబాటు



అప్పునకు హద్దు విధించుచు ప్రభుత్వము తనకు తానే చట్టము చేసికొన్నచో ఖజానా బాగుపడునా? ఈ ప్రశ్న రైతునకు దూరమైనది కాదు. వడ్డీకి పోయిన రూపాయి కాలువ పూడిక తీయుటకు మిగులదు గదా.

సాలూరు చెంత వేగవతి యొడ్డున వరి పండించు సభ్యుని తలంతము. అతనికి సంఘము ఇంతకు మించి అప్పీయరాదని నిబంధన గలదు. ఎద్దులకై, నూతికై చేసిన అప్పు పంట నిచ్చును. తిండికై చేసిన అప్పు వడ్డీనే పెంచును. ప్రభుత్వమునకును ఇంతే. జీతములు, వడ్డీలు మొదలగు నిత్యవ్యయము రాబడిని మించినచో అది రెవెన్యూ లోటు. ఏటి మొత్తపు ఖర్చునకై అప్పు తేవలసిన భాగము ద్రవ్యలోటు.

కేంద్రము 2003లోను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లోను ఇట్టి చట్టములు చేసినవి. రెవెన్యూ లోటు తొలగవలె ననియు, ద్రవ్యలోటు రాష్ట్రోత్పత్తిలో నూటికి 3 వంతులు మించరా దనియు మన చట్టపు ఆశయము. చట్టము చేసిన రాష్ట్రములకే కేంద్రపు పాతబాకీలను 7½ వడ్డీకి, 20 ఏండ్ల వాయిదాలకు మార్చవలెనని 12వ ఆర్థిక సంఘము సిఫారసు చేసెను. పిమ్మట లోటు తగ్గెను. అయినను చట్టమొక్కటే కారణమనజాలము. 2005లో వచ్చిన వ్యాట్ పన్నును, పెరిగిన రాబడియు తోడైనవి.

కరవునాడు సంఘము వాయిదా పొడిగించినట్లే, కోవిడు కాలమున 2020-21కి కేంద్రము రాష్ట్రముల హద్దును 5 వంతులకు పెంచెను. ఇది తప్పు గాదు. బహిరంగముగా సడలించిన హద్దు కంటె చాటున దాటిన హద్దే కీడు.

తన హద్దు నిండగానే తమ్ముని పేర అప్పు తీయు సభ్యుని మనమెరుగుదుము. ప్రభుత్వములును అట్లే చేసినవి. ధాన్యపు రాయితీకి కేంద్రమీయవలసిన సొమ్ములో కొంత, భారత ఆహార సంస్థ పేర చిన్నమొత్తాల పొదుపునిధి నుండి అప్పుగా వచ్చెడిది. కేంద్రపు లోటులో అది కానరాదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్టులో ఆ పద్ధతి మానిరి. రాష్ట్రసంస్థల పేర తెచ్చి రాష్ట్రఖజానా తీర్చు అప్పులను రాష్ట్రపు టప్పులుగనే లెక్కింతుమని కేంద్రము 2022లో తెలిపెను.

కావున మా యభిప్రాయ మిది: కట్టుబాటు మేలే, కాని లెక్క పూర్తిగా ఉన్నప్పుడే. హద్దొకటి చాలదు. ఎవరి పేరనున్నను, ఎవరు తీర్చుదురో వారి పద్దుననే అప్పు వ్రాయవలెను. ఆ పద్దును చదువువా రుండవలెను. మన సంఘపు సర్వసభ్యసభలో ఆడిటు నివేదిక చదువునపుడు లేచిపోక కూర్చుండుట ఈ పాఠమునకు మొదటి మెట్టు.