క్లెయిముల విభాగపు పర్యవేక్షణ

ప్రశ్న: జీవితబీమా కార్యాలయమున క్లెయిముల గుమాస్తాను. పర్యవేక్షకుడనగుటకు ఏమి నేర్వవలెను? తదుపరి మార్గములెవ్వి?

జవాబు: పర్యవేక్షకుని పని సంతకములు చేయుటయేయని పలువురు తలంతురు గాని, అతని దినములో అధికభాగము, క్రిందివారు వ్రాసిన నిరాకరణ లేఖలను మరల చదివి, అందు చూపిన కారణమునకు పాలసీ షరతులలోను, చట్టములోను ఆధారము కలదో లేదో విచారించుటయందే గడచును. మరణించిన పాలసీదారు మధుమేహమును దాచెనని ఫైలులో వ్రాసియున్నదనుకొనుడు. అప్పుడు మీరు మొదట చూడవలసినది వైద్యుని చీటీ కాదు, తేదీలు. 1938 నాటి బీమా చట్టపు 45వ సెక్షను, 2015 సవరణానంతరము, మూడేండ్లు నిండిన పాలసీని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదనుచున్నది. అయితే ప్రీమియము చెల్లింపక నిలిచిపోయిన పాలసీని పునరుద్ధరించియున్నచో ఆ గడువు పునరుద్ధరణ తేదీనుండియే లెక్కకు వచ్చును. అనుభవజ్ఞులు సైతము తరచు తడబడునది యిచ్చటనే. గుమాస్తాలకు ఈ తేదీల పట్టిక వేయు అలవాటు చేయింపుడు; వేగము దానంతటదే వచ్చును.

ఈ అనుభవమునకు తోడు, ముంబయిలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియావారి లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ పరీక్షలు క్రమముగా వ్రాయుడు. ప్రతిపాదనల పరిశీలన, మోసముల విచారణ, ఫిర్యాదుల పరిష్కారము మున్నగు శాఖలు అటుపిమ్మట మీకు తెరచియే యుండును. వీనిలో ప్రతిపాదనల పరిశీలనయే క్లెయిములు చూచినవారికి మిక్కిలి అనువైనదని నా అభిప్రాయము. ప్రతిపాదన పత్రములోని ఏ ప్రశ్నకు సరియైన జవాబు రాబట్టకపోవుటవలన మున్ముందు తగవు పుట్టునో వారెరుగుదురు గదా!