ఆటిజం, ఓ.సి.డి.: జన్యువుల చుట్టరికం

ఒక పిల్లవాడు ఖాళీ అగ్గిపెట్టెలన్నీ వరసగా పేరుస్తాడు. అందులో ఒక్కదాన్ని పక్కకు జరిపితే చాలు, ఆపలేనంతగా ఏడుస్తాడు. మరో ఇంట్లో కాలేజీకి బయలుదేరిన అమ్మాయి తాళం వేసిందో లేదో అని పదిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది. వాడిది మొండితనమనీ, ఆ అమ్మాయిది చాదస్తమనీ మనం తేలిగ్గా పేర్లు పెట్టేస్తాం. ఇలాంటి లక్షణాలు ముదిరి జీవితానికే అడ్డుపడినప్పుడు వైద్యులు ఆటిజం ఉందేమో, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అనగా ఓ.సి.డి. ఉందేమో అని పరీక్షిస్తారు. ఈ రెండింటికీ జన్యువులలో చుట్టరికం ఉన్నదా? ఉంటే ఎంత?

తేడా ఎక్కడ?

బయటికి రెండూ ఒకేలా కనబడవచ్చు. ఓ.సి.డి. ఉన్న మనిషికి భయం పుట్టించే ఆలోచన వద్దన్నా వచ్చి మీద పడుతుంది. అది అర్థం లేనిదని చాలామందికి తెలుసు కూడా. అయినా ఆ భయం దిగడానికి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఆటిజం ఉన్న పిల్లవాడికి వరస పేర్చడంలో చాలాసార్లు సంతోషం, నిబ్బరం దొరుకుతాయి. పైగా నలుగురితో మాటా మంతీ కలపడంలో ఇబ్బంది చిన్ననాటి నుంచే ఉంటుంది. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలను గురించి రాసిన వ్యాసంలోనే, ఏదీ మారకూడదన్న వాళ్ళ పట్టుదలను ముఖ్య లక్షణంగా చెప్పారు.

నేరం తల్లిది కాదు

తరువాత ఒక అన్యాయం జరిగింది. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని 1950, 60 దశకాలలో కొందరు పెద్ద వైద్యులే బోధించారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే శాస్త్రజ్ఞులు బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటలలో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. ఏ రకం కవలలైనా పెరిగింది ఒకే ఇంట్లోనే కదా! తేడా ఉన్నది జన్యువుల పోలికలో అన్నమాట. ఓ.సి.డి.లో కూడా వంశపారంపర్యం ఉందని, అయితే ఆటిజంలో ఉన్నంత బలంగా లేదని, కవలల పరిశీలనలు తేల్చాయి.

ఇక రెండింటి మధ్య లంకె. డెన్మార్కు వైద్య రిజిస్టర్ల ఆధారంగా 2015లో ఒక పరిశీలన వెలువడింది. ముందు ఆటిజం తేలినవారిలో తరువాత ఓ.సి.డి. తేలే అవకాశం ఇతరులకన్నా సుమారు 2 రెట్లు. ముందు ఓ.సి.డి. తేలినవారిలో తరువాత ఆటిజం తేలే అవకాశం దాదాపు 4 రెట్లు. ఓ.సి.డి. ఉన్నవారి సంతానంలో కూడా ఆటిజం కొంత ఎక్కువగా కనిపించింది.

ఎలుకలు చెప్పిన సంగతి

మెదడు లోపల స్ట్రయేటమ్ అనే భాగం ఉంది. అలవాటైన పనిని మొదలుపెట్టడంలో, ఆపడంలో దీని పాత్ర పెద్దది. నాడీకణాలు ఒకదానికొకటి సందేశం అందించే చోటును సైనాప్స్ అంటారు. సందేశాన్ని అందుకునే ఏర్పాటును అక్కడ కొన్ని ప్రోటీన్లు పందిరి రాటల్లాగా నిలబెడతాయి. సాపాప్, షాంక్ అనే ప్రోటీన్లు అక్కడ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

2007లో గ్వోపింగ్ ఫెంగ్ బృందం సాపాప్-3 జన్యువు లేని ఎలుకలను సృష్టించింది. అవి మొహం రుద్దుకుని రుద్దుకుని, వెంట్రుకలు ఊడి పుండ్లు పడేదాకా ఊరుకోలేదు. ఓ.సి.డి.కి వాడే ఫ్లువాక్సెటిన్ మందు ఇస్తే ఆ రుద్దుకోవడం తగ్గింది. ఆ జన్యువును స్ట్రయేటమ్‌లో తిరిగి ప్రవేశపెట్టినప్పుడూ తగ్గింది. 2011లో అదే బృందం షాంక్-3 జన్యువు దెబ్బతిన్న ఎలుకలను చూసింది. అవీ అలాగే రుద్దుకున్నాయి, పైగా తోటి ఎలుకలతో సరిగా కలవలేదు. మనుషుల్లో షాంక్-3 దెబ్బతింటే ఆటిజం రావచ్చునని అప్పటికే తెలుసు. అంటే ఒకే పందిరికి రెండు రాటలు. ఏది కదిలినా పందిరి ఒరుగుతుంది, కానీ ఒరిగే తీరు వేరు.

ఏకోదరులా, దాయాదులా?

అలాగని 'ఆటిజం జన్యువు' అంటూ ఒకటి లేదు. వరి దిగుబడి ఒక్క గుణం వల్ల రాదు. పిలకలు, కంకి పొడవు, గింజ బరువు, నేల, నీరు అన్నీ కలవాలి. ఇదీ అంతే. వందలాది జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. 2019లో ఎనిమిది మానసిక రుగ్మతల జన్యువులను పోల్చి చూస్తే ఆటిజం ఒక గుంపులో, ఓ.సి.డి. మరో గుంపులో పడ్డాయి. టూరెట్ సిండ్రోమ్ మాత్రం రెండు గుంపులకూ చుట్టమైంది. కాబట్టి ఇవి ఏకోదరులు కావు, దాయాదులు.

ఈ తేడా పుస్తకాలకే పరిమితం కాదు. ఓ.సి.డి.కి పనిచేసే మందుల కోవలోనిదే సిటాలోప్రామ్. దాన్ని అమెరికాలో ఆటిజం ఉన్న 149 మంది పిల్లలపై పరీక్షించారు. చేసిందే చేసే అలవాటును తగ్గించడంలో అది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగు కాదని 2009లో తేలింది. చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే మందు సరిపోదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. చట్టం గుర్తించినా మన వీధి అరుగులు ఇంకా గుర్తించలేదు. "గాలి సోకింది", "తల్లి పెంపకం అలాంటిది" అనే మాటలు ఇప్పటికీ వింటున్నాం. సైన్సు చదువుకున్న మనం సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మాట విని ఊరుకోకూడదు. ఆ తల్లితో, "అమ్మా, ఇది నీ తప్పు కాదు, బిడ్డను త్వరగా డాక్టరుకు చూపించు" అని చెప్పగలిగితే మన చదువుకు కొంత సార్థకత.