నిద్ర వేరు, మత్తు వేరు

మన భాషలో నిద్ర, మత్తు, మైకము, మూర్ఛ అని వేర్వేరు మాటలున్నాయి. కన్నులు మూసికొని పడియుండుట అన్నింటికీ సమానమే అయినా భాష వీటిని ఊరక వేరుచేయలేదు. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో, ఆసుపత్రిలో పసిబిడ్డకు జరిగే హృదయ పరీక్షను గమనిస్తే తెలుస్తుంది.

ఆ పరీక్ష పేరు ఎకోకార్డియోగ్రఫీ, వాడుకలో ‘ఎకో’. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరంలో వైద్యుడు ఎడ్లర్, భౌతిక శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ దీనికి పునాది వేశారు. మానవుని చెవికి అందని ధ్వని తరంగాలను ఛాతీలోనికి పంపి, గుండె గోడలకు, కవాటాలకు తగిలి మరలివచ్చే ప్రతిధ్వనులతో చిత్రాన్ని ఏర్పరుస్తారు. ఇందులో కోత లేదు, ఎక్స్-రే కిరణాలు లేవు. కాని బిడ్డ నిశ్చలంగా ఉండాలి. పుట్టుకతో గుండెలో లోపమున్న బిడ్డకు ఈ పరీక్ష అరగంటకు పైగా పట్టవచ్చు. ఏడాది, రెండేండ్ల బిడ్డ అంతసేపు కదలక ఉండునా? ఏడ్చే బిడ్డకు గుండె వేగం, రక్తపు పోటు హెచ్చి కొలతలు తారుమారవుతాయి. ఆ కొలతలను బట్టియే శస్త్రచికిత్సను నిర్ణయించవలసి ఉంటుంది.

అందుకే మత్తుమందు. 1832లో లీబిగ్ తయారుచేయగా, 1869లో లీబ్రైఖ్ నిద్రమందుగా ప్రవేశపెట్టిన క్లోరల్ హైడ్రేటును చిరకాలం నోటి ద్వారా ఇచ్చారు. తర్వాత మిడజోలామ్, ముక్కు ద్వారా ఇవ్వదగిన డెక్స్‌మెడెటోమిడిన్ వచ్చాయి.

నిద్రించే బిడ్డ తట్టితే లేస్తాడు. గొంతుకు ఏదైనా అడ్డుపడితే దగ్గుతాడు. మత్తు గాఢమైతే ఈ రక్షణ సడలుతుంది. నాలుక వెనుకకు జారవచ్చు, శ్వాస మందగించవచ్చు. ఊపిరితిత్తుల రక్తనాళాలలో పోటు అధికంగా ఉండి ఆసుపత్రిలో చేరిన బిడ్డకు అపాయం మరీ ఎక్కువ. శ్వాస మందగిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి ఆ పోటును ఇంకా హెచ్చిస్తుంది. గుండెను చూడడానికి ఇచ్చిన మందే గుండెకు భారమవుతుందన్నమాట.

కాబట్టి మత్తు అవసరమా అన్నదే మొదటి ప్రశ్న. నెలల బిడ్డకు పాలుపట్టి, గుడ్డలో చుట్టి, సహజ నిద్రలోనే పరీక్ష ముగించవచ్చు. కొంచెం పెద్దవానిని తల్లి ఒడిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపవచ్చు. మత్తు తప్పనిసరియైతే సామాన్యంగా నీటికి 2 గంటలు, తల్లిపాలకు 4, ఇతర పాలకు 6 గంటల విరామం ఉండాలి. పరీక్షించేవారి చూపు తెరపై ఉంటుంది గనుక, బిడ్డ శ్వాసనే కనిపెట్టి ఉండే శిక్షణ పొందిన వ్యక్తి వేరొకరుండాలి. పల్స్ ఆక్సీమీటరు, ప్రాణవాయువు అందుబాటులో ఉండాలి. పరీక్ష ముగిసినా మత్తు ముగియదు. బిడ్డ పూర్తిగా తెలివిలోనికి వచ్చేవరకు కాపలా తప్పదు.

ఇక్కడ తల్లికీ ఒక బాధ్యత ఉన్నది. ఆకలికి ఏడ్చే బిడ్డపై జాలితో చాటుగా రెండు గుక్కలు పాలు పట్టి దాచకూడదు. మత్తులో వాంతి అయితే ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చు. పట్టినట్లయితే చెప్పివేయాలి, పరీక్ష కొన్ని గంటలు వెనుకబడుతుంది, అంతే.

విద్యార్థులారా! ఇంట్లో చదువుకున్నవారు మీరే గనుక సమ్మతి పత్రాన్ని చదివి చెప్పే పని మీ మీదనే పడుతుంది. “బిడ్డను నిద్రపుచ్చుతారట” అని తేల్చివేయకండి. తెలుగులో నిద్ర, మత్తు వేరైనట్లే ఉర్దూలో నీంద్, బేహోషీ వేరు. సరియైన మాట చెప్పండి. ఎవరు కనిపెట్టి ఉంటారు, పాలు ఎప్పుడు ఆపాలి, మత్తు లేకుండా వీలుకాదా అని పెద్దల పక్షాన అడగండి. అడుగుట అవిశ్వాసం కాదు, ఆ బిడ్డ తరపున మాట్లాడుట.